సీల ఊడిన రథము

దశరథుడు యుద్ధరంగమున నుండగా రథచక్రపు సీల ఊడిపోయినదనియు, ప్రక్కనున్న కైక తన వ్రేలినే సీలగా నుంచి రథమును నిలిపినదనియు మన యిండ్లలో పెద్దలు చెప్పుకొను కథ యొకటి కలదు. ఆ కథ తలచినపుడెల్ల నా దృష్టి ఆ మేకు మీదనే నిలుచును. గుఱ్ఱములున్నవి, సారథి యున్నాడు, చక్రవర్తి చేత ధనుస్సున్నది. వ్రేలెడు ఇనుపముక్క లేకపోవుటచే అవన్నియు నిష్ప్రయోజనములగు గడియ వచ్చినది.

ఈ కథలోని సత్యము నాకు రోడ్డు మీద బోధపడినది. మా అన్నగారికి 1984 నాటి అంబాసిడరు కారొకటి కలదు. రెండేండ్ల క్రిందట ఒక వేకువజామున మా అక్కగారిని కంటి శస్త్రచికిత్స కొఱకు ఏలూరునుండి విజయవాడకు ఆ కారులో కొనిపోవుచుంటిమి. హనుమాన్ జంక్షను దాటిన కొంతసేపటికి ఇంజను రెండు మార్లు తుమ్మినట్లు చప్పుడు చేసి ఆగిపోయినది. పెట్రోలు నిండుగా నున్నది. బ్యాటరీ కొత్తది. అక్కగారు వెనుక సీటులో కండ్లు మూసికొనియే, "తమ్ముడూ, తొమ్మిదింటికల్లా చేరతామంటావా?" అని యడిగెను. నేను బదులు చెప్పలేకపోతిని.

దగ్గరలోని రేకుల షెడ్డునుండి డెబ్బదేండ్ల మెకానికొకడు వచ్చెను. డిస్ట్రిబ్యూటరు మూత విప్పి, లోన వ్రేలు చూపి, "పాయింట్లు నల్లబడ్డాయండి. కండెన్సరు పోయింది" అని తేల్చెను.

కండెన్సరనగా చిటికెనవ్రేలి కొసయంత లోహపు డబ్బీ, దానికొక తీగె. అది చేయు పని మన విద్యార్థులు తెలిసికొనదగినది. బ్యాటరీ యిచ్చునది 12 వోల్టుల విద్యుత్తు మాత్రమే. పెట్రోలు ఆవిరిని వెలిగించుటకు వేల వోల్టులు కావలెను. కాయిలులో ప్రవహించు విద్యుత్తు తటాలున ఆగినపుడు ఆ వేల వోల్టులు పుట్టును. ఆపు పని సీ.బీ. పాయింట్లది. అవి విడిపోవు ఎడము అంగుళములో వేయింట 15 వంతులు, అనగా మిల్లీమీటరులో సగమైనను లేదు. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు అవి సెకనునకు 100 మార్లు విడివడవలెను. విడివడిన ప్రతిమారును విద్యుత్తు ఆ సందులోనే నిప్పురవ్వయై దుముక జూచును. దానిని ఆ క్షణమున తనలోనికి లాగికొనునది కండెన్సరు. అది చెడినచో పాయింట్లు కాలి నల్లబడును. ప్లగ్గు వద్ద రవ్వ బలహీనపడును. టన్నుకు మించిన కారు కదలక నిలిచిపోవును.

ఆ ముసలి మెకానికు తన షెడ్డునుండి పాత బిస్కట్ల డబ్బా తెచ్చి వెదకి, ఏనాటిదో పెట్రోలు జీపు కండెన్సరును తీసెను. అది లోన అమరలేదు. వెలుపలనే తీగెతో కట్టి, పాయింట్లను ఉప్పుకాగితముతో రుద్దెను. ఇంజను పలికినది. "ఇది దీని సొత్తు కాదండి. బెజవాడ దాకా తీసికెళ్తుంది. అక్కడ అసలుది వేయించుకుని, నాది నాకిచ్చెయ్యండి" అని చెప్పి, కూలి మాత్రమే పుచ్చుకొనెను. తొమ్మిది గంటలకు అయిదు నిమిషములుండగా మేము ఆసుపత్రి చేరితిమి.

మరునాడు అక్కగారి కంటికి కట్టు విప్పిన పిమ్మట నేను ఆటోనగరుకు బోయితిని. మొదటి దుకాణములోని యువకుడు పాయింట్లన్న మాటనే వినలేదు. అది అతని తప్పు గాదు. నేటి కార్లలో ఆ పని ఎలక్ట్రానిక్ పరికరములు చేయుచున్నవి. రెండవ దుకాణములో మెఱయు పెట్టెలో నున్న సరకు దొరకినది. వారము తిరుగకుండ పాడైనది. మూడవ చోట వృద్ధుడైన యజమాని సరకు చూపుటకు ముందు మూడు ప్రశ్నలడిగెను: "ఏ ఇంజనండీ? ఏ మార్కు? పాతది తెచ్చారా?"

ఆ మూడు ప్రశ్నలలో ఒక చరిత్రయే యిమిడి యున్నది. 1942లో స్థాపింపబడిన హిందుస్థాన్ మోటార్స్ వారు, బ్రిటనులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు నమూనాపై, కలకత్తా చేరువనున్న ఉత్తరపాడాలో 1950ల చివర అంబాసిడరును చేయ మొదలిడిరి. 1962లో మార్కు 2, 1975లో మార్కు 3, 1979లో మార్కు 4 వెలువడినవి. 1990లలో జపాను ఇసుజు ఇంజను కూడ వచ్చి చేరినది. వెలుపలి రూపము దాదాపు ఒకటియే. లోపలి భాగములు మాత్రము పలుమార్లు మాఱినవి. 2014 మే నెలలో తయారీ నిలిచిపోయినది. 2017లో అంబాసిడరను పేరును 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్సుకు చెందిన ప్యూజో సంస్థ కొనినది. పేరునకు 80 కోట్లు పలికినవి. నాకు కావలసిన వస్తువు నూరు రూపాయల లోపుది. దానికై మూడు దుకాణములు తిరుగవలసి వచ్చినది.

బొంబాయి కుర్లాలో తయారైన పద్మిని కథయు నిట్టిదే. ఇటలీ ఫియట్ 1100 నమూనాపై 1964లో వెలువడిన ఆ కారు 1970లలో పద్మిని యను పేరు దాల్చినది. ముంబయి వీధులలో టాక్సీగా దాని ప్రయాణము 2023 అక్టోబరులో ముగిసినది. ఆ కారులోని బోల్టులు మిల్లీమీటర్ల కొలతవి, అంబాసిడరువి అంగుళముల కొలతవి. అంగుళములో నాల్గవ వంతు బోల్టు తలకు 7/16 అంగుళముల స్పానరు కావలెను, అది 11.11 మిల్లీమీటర్లు. 11 మిల్లీమీటర్ల స్పానరు దానికి ఎక్కకపోవచ్చును. 12 మిల్లీమీటర్లది వదులై బోల్టు తల అంచులను అరగదీయును. మిల్లీమీటరులో తొమ్మిదవ వంతు తేడాయే పనికి అడ్డుపడవచ్చును.

సికిందరాబాదు రాణిగంజి, చెన్నపట్టణపు పుదుపేట, కలకత్తా మల్లిక్ బజారు, ఢిల్లీ కశ్మీరీ గేటు — కార్ల విడిభాగములకు పేరుగన్న బజారులివి. అచటి అరలలోని సరకు కొంత. వృద్ధ వర్తకుల జ్ఞాపకములో నున్నది అంతకు మించినది. ఈ వాషరు ఏ ట్రాక్టరుకు సరిపోవును, ఆ గాస్కెట్టును ఏ కాగితముతో కత్తిరించవచ్చును అను విద్య వారు బల్ల వెనుక నిలుచుండి నేర్చినది. తెలుగు పండితుడనగుటచే నాకు అచట తాళపత్రములు గుర్తుకు వచ్చినవి. ఆకు చిరిగి అక్షరములు పోయిన చోటును మనము గ్రంథపాతమందుము. పరిష్కర్త ఆ ఖాళీని తన యూహతో నింపడు. వేఱు ప్రతులు తెప్పించి పాఠములు పోల్చి చూచును. గత శతాబ్దమునకు ముందు బ్రౌను దొర కడపలో పండితులను కూర్చుండబెట్టి చేయించినది ఆ పనియే. పాత కండెన్సరును చేతబట్టుకొని రమ్మనుటలో ఆ వర్తకుని నియమమును అదియే. చెడిన వస్తువే మూలప్రతి. దానిని పాఱవేసినవానికి పోల్చుకొనుటకు మిగులునది లేదు.

ఈ పోలికకొక హద్దు కలదు. బదులు వస్తువుతో ఇంజను ఆగినచో బండి నిలుచును. బ్రేకు ఆగినచో బండి నిలువదు. కావున బ్రేకు సిలిండరులోని రబ్బరు కప్పుల వంటి వానికి కొలత కలిసినదని మఱియొకటి వేయరాదు; బ్రేకు ద్రవమునకు బదులు ఇంజను నూనె పోసినను ఆ రబ్బరు ఉబ్బి చెడును. ఇంధనమును మాఱినది. మన దేశమున పెట్రోలులో ఇథనాలు పాలు 2025 నాటికి 20 శాతమునకు చేరినది. పాత కార్ల ఇంధనపు గొట్టములు, పంపులోని పలుచని రబ్బరు పొర దానికై చేయబడినవి కావు. కావున అచ్చముగ పాతదే దొరకినను ఒక్కొక్కచోట అది పనికిరాదు. ఇథనాలును ఓర్చు కొత్త రబ్బరుతో చేసినదే కావలెను. ఎచట పాతది కావలయునో, ఎచట బదులు చెల్లునో, ఎచట కొత్తది తప్పదో ఎఱుగుటయే మరమ్మతు విద్య. ఈ విద్యకు మన భాషలో పాఠ్యగ్రంథము నా కంటబడలేదు.

నెల దాటిన పిమ్మట కండెన్సరు తిరిగి యిచ్చుటకు మరల ఆ రేకుల షెడ్డుకు బోయితిని. ఆయన దానిని కండ్లకద్దుకొని బిస్కట్ల డబ్బాలో వేసెను. ఆ డబ్బాలోని వస్తువులపై ఒక్కదానికైనను పేరు లేదు. ఆయన కుమారుడు సెల్‌ఫోనుల దుకాణము నడుపుచున్నాడట. నేను సంచిలోని నోటుపుస్తకము తీసి, "ఒక్కొక్కటి చెప్పండి, రాసుకుంటాను" అంటిని. ఆయన నవ్వి, "మాస్టారూ, ఇవన్నీ చిల్లర సామాన్లండి" అనెను. అయినను స్టూలు జరిపి కూర్చుండెను.

సాయంకాలము వఱకు ఆయన చెప్పెను, నేను వ్రాసితిని. ప్రతి దానికి ఒక చీటి కట్టితిమి. ఏ బండిది, ఏ యేటిది, మఱి దేనికి సరిపోవును అను మూడు మాటలు ప్రతి చీటి మీదను ఉన్నవి. నలువది యొక్కటికి చీట్లు కట్టితిమి. చివరకు మూడు మిగిలినవి. వానిని ఆయన అరచేతిలో త్రిప్పి త్రిప్పి వెలుతురున జూచెను. పిమ్మట డబ్బాలో నొక మూలనుంచి, "ఇవి మా గురువుగారికి తెలుసునండి" అనెను.