కలివి పొదల్లో పాఠం

పుస్తకంలో పర్యావరణం ఉంది. ఊరవతల అడవి ఉంది. ఆ రెంటినీ కలిపి చూపించే గురువులే సీమ పిల్లలకు కరవు.

1986 జనవరి. కడప జిల్లా సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె అడవిలో రాత్రిపూట టార్చిలైటు వెలుగులో ఓ పిట్ట చిక్కింది. 1900 తర్వాత ఎవరి కంటా పడక, ఇక లేదనుకున్న కలివికోడి అది. వెతుకుతూ వచ్చింది బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్. పట్టిచ్చింది మాత్రం పిట్టలు పట్టి బతికే స్థానికుడే. ఆ పిట్ట కోసమే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం పొదల మీదికి వస్తే, చివరికి కాలువే దారి మార్చుకుంది.

ఇంత కథను ఆ చుట్టుపక్కల ఎన్ని బడుల్లో చెబుతున్నారు? పర్యావరణ పాఠం తప్పనిసరని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. 2001-02లో జాతీయ హరితదళం పేరుతో ఎకో క్లబ్బులూ వచ్చాయి. చాలాచోట్ల అవి మొక్క నాటి ఫొటో దిగడంతోనే సరి.

మట్టి మీద మూడు వేళ్లు

కలివికోడి రాత్రి తిరిగే పిట్ట. అందుకే పరిశోధకులు పొదల మధ్య సన్నటి మట్టి పరిచి, తెల్లారాక కాలిగుర్తులు చూసేవారు. వెనక వేలు లేని మూడు వేళ్ల ముద్ర కనబడితే, అక్కడ కెమెరా పెట్టి నిర్ధారించుకునేవారు. హెక్టారుకు 300 నుంచి 700 దాకా పెద్ద పొదలున్న చోటే దానికి ఇష్టమని తేల్చారు. పొదలు నరికేస్తే ఉండదు, మరీ దట్టమైనా ఉండదు.

ఊరి బీట్లో నాలుగు వైపులా వంద మీటర్ల తాడు లాగి పొదలు లెక్కపెడితే ఆరో తరగతికి వైశాల్యం పాఠం అయిపోతుంది. ఏ పొద ఎప్పుడు కాస్తుందో, ఏ జాడ ఏ జంతువుదో జీవాలు కాసే తాతే చెబుతాడు.

రోళ్లపాడు నేర్పింది

ఉమ్మడి కర్నూలు జిల్లా రోళ్లపాడు 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యమైంది. మేత బీళ్లకు కంచె పడింది, కృష్ణజింకలు చేలల్లో పడ్డాయి, ఊళ్లకు విసుగొచ్చింది. చుట్టూ పంటలూ మారాయి. ఇప్పుడక్కడ బట్టమేక కనిపించడమే గగనం. ఊరిని పక్కన పెట్టి పిట్టను కాపాడటం కష్టమని రోళ్లపాడు చెబుతోంది.

నల్లమలలో తీరు వేరు. పులుల అభయారణ్యంలో చెంచులే కాపలాదారులు. బడుల్లోనూ ఇలాంటి దారి ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో పద్మనాభరావు, రమ దంపతులు నడిపించిన చిన్న బడుల్లో చెట్లూ తోటా చదువులో భాగమే.

నేల తెలిసిన పిల్లలకూ కొదవలేదు. ఆదోని, కోసిగి ప్రాంతాల నుంచి అమ్మానాన్నల వెంట సుగ్గికి, అంటే కోత పనుల వలసకు, గుంటూరు మిరపచేలకు పోయే పిల్లలు బడిలో వెనకబడినవాళ్లు కావచ్చు. నేల సంగతిలో మాత్రం కాదు. వాళ్లకు తెలిసినదానికి బడిలో మార్కులు లేవు, అంతే.

అధికారులు చేయాల్సింది పెద్ద పనేం కాదు. అడవంచు బడులన్నిటికీ వారంలో ఒక పూట బయటి తరగతి పెట్టాలి. ఊళ్లోని కాపరిని, చెంచు కాపలాదారును గౌరవ వేతనమిచ్చి గురువుగా పిలవాలి. అభయారణ్యంలో నడవడానికి అటవీశాఖ పిల్లలకు అనుమతివ్వాలి. కలివికోడిని వెతికిపెట్టింది ఊరి మనిషే. రేపు దాన్ని కాపాడాల్సిందీ ఆ ఊరి పిల్లలే.