రొమ్ము కాన్సర్: వైద్యం అయిన తర్వాత

ఆపరేషన్, రేడియేషన్, కీమోథెరపీ అనే మాటలు ఈనాడు పల్లెటూళ్లలో కూడా వినబడుతున్నాయి. కాని అవన్నీ పూర్తయి మనిషి ఇంటికి వచ్చాక ఏం చేయాలన్నది చాలామందికి తెలియదు. మా పెద్దమ్మకు రొమ్ము ఆపరేషన్ అయినప్పుడు ఊళ్లో అందరూ "గండం గడిచింది" అన్నారు. ఆమెకు మాత్రం నడుం నొప్పి వచ్చినా, దగ్గు వచ్చినా "మళ్లీ వచ్చిందేమో" అని దిగులే. పెద్దాసుపత్రికి వెళ్లాలంటే ఒక రోజు పొలం పని ఆగిపోవాలి, తోడు మనిషి కావాలి.

మరి ఆ దిగులుకు జవాబు చెప్పేదెవరు? దగ్గరలో ఉన్న కుటుంబ వైద్యుడు చెప్పవచ్చునా? ఈ ప్రశ్నను శాస్త్రీయంగానే పరీక్షించారు. ఇవా గ్రన్‌ఫెల్డ్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు 1996లో ఇంగ్లండులో 296 మంది స్త్రీల మీద, 2006లో కెనడాలో 968 మంది మీద జరిపిన పరిశోధనలు ప్రచురించారు. కొందరిని కాన్సర్ నిపుణులు, కొందరిని కుటుంబ వైద్యులు చూశారు. రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కెనడాలో ఆ వైద్యులకు ఇచ్చిన సూచనలు ఒక్క పేజీయే! ఇంగ్లండులో తేలిన మరో సంగతి ఏమంటే, జబ్బు తిరగబెట్టినప్పుడు ఎక్కువమంది ఆసుపత్రి తేదీ దాకా ఆగలేదు. తామే గమనించి ముందుగా కుటుంబ వైద్యుని దగ్గరకే వెళ్లారు.

ఆ వైద్యుడు చేయవలసింది ఏమిటి? సాధారణంగా మొదటి 3 సంవత్సరాలు 3 నుండి 6 నెలలకొకసారి, తర్వాత 2 సంవత్సరాలు 6 నుండి 12 నెలలకొకసారి, ఆపైన ఏటా ఒకసారి చూడాలి. మిగిలిన రొమ్ముకు ఏటా మామోగ్రామ్ తీయించాలి. ఏ బాధా లేనప్పుడు ఊరికే స్కానింగులు, రక్తపరీక్షలు అక్కర్లేదు. కాని తగ్గని ఎముక నొప్పి, ఆయాసం, కొత్త గడ్డ ఉంటే వెంటనే నిపుణుల దగ్గరకు పంపాలి.

ఇక మాత్రలు. హార్మోన్ల వల్ల పెరిగే రకం కాన్సర్ అయితే టామాక్సిఫెన్ వంటివి కనీసం 5 సంవత్సరాలు, కొందరు 10 సంవత్సరాల వరకు వాడాలి. ఒంట్లో ఆవిర్లు వస్తున్నాయని మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. ముట్లుడిగిన వారికి మళ్లీ రక్తస్రావం కనబడితే సిగ్గుపడి దాచకూడదు. కొన్ని ఇతర మాత్రల వల్ల ఎముకలు పలచబడతాయి. ఇవన్నీ అడిగి తెలుసుకునేది కుటుంబ వైద్యుడే.

చంకలోని లింఫు గ్రంథులు తీసివేసినప్పుడు కొందరికి చెయ్యి వాస్తుంది. చేనులో మురుగు కాలువ పూడిస్తే నీరు నిలిచిపోతుంది గదా, ఇదీ అంతే. ఆ చేతికి కొడవలి గాటో, ముల్లో తగిలితే చీము త్వరగా పడుతుంది. ఎర్రబడి జ్వరం వస్తే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. అలాగని చెయ్యి కదపకుండా కూర్చోనక్కర్లేదు. కొద్దికొద్దిగా పెంచుకుంటూ వ్యాయామం చేయడం మంచిదే.

అన్నిటికన్నా కనబడని బాధ మనస్సుది. తగ్గిన మనిషి కదా అని ఇంట్లోవాళ్లు అడగడం మానేస్తారు. ఆమె చెప్పడం మానేస్తుంది. ఏళ్ల తరబడి ఆ ఇంటిని ఎరిగిన డాక్టరు "నిద్ర పడుతోందా అమ్మా?" అని ఒక్కమాట అడిగితే ఎంతో ఊరట.

అయితే కాగితం లేనిదే ఏ డాక్టరూ ఏమీ చేయలేడు. ఏ ఆపరేషన్ చేశారు, ఏ మందులిచ్చారు, ఏ వైపు రేడియేషన్ ఇచ్చారు అన్నది డిశ్చార్జి కాగితంలోనే ఉంటుంది. సాధారణంగా అది ఇంగ్లీషులో ఉండి బీరువాలో మూలుగుతుంది. మన ఇళ్లలో ఇంగ్లీషు చదివినవాళ్లం మనమే. మిత్రులారా, ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అటువంటి కాగితం ఉంటే బయటికి తీసి, చదివి, ఆ ఊరికి దగ్గరలో ఉన్న డాక్టరు గారి చేతిలో పెట్టండి.