మునిగిన లోయ ఒడ్డున ఇల్లు కొనే ముందు

మేరీల్యాండ్, వర్జీనియాల్లో ఉండే తెలుగువారికి చీసపీక్ బే కొత్త కాదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే అన్నాపొలిస్ తీసుకెళ్లి చూపిస్తాం. బే బ్రిడ్జి దాటి ఓషన్ సిటీ వెళ్తాం. వేసవిలో బ్లూ క్రాబ్స్ తెచ్చుకుని పీతల పులుసు పెట్టుకుంటాం. అయితే ఈ అఖాతం ఒకప్పుడు నది పారిన లోయ. సముద్రం పెరిగి దాన్ని ముంచేసింది. నీటి ఒడ్డున ఇల్లు కొందామని మా ఇంట్లో మాట వచ్చినప్పుడు నేను ఈ చరిత్ర వెంట పడ్డాను. మనలో చాలామందికి పనికొస్తుందని రాస్తున్నాను.

సుమారు 20 వేల ఏళ్ల కిందట ఉత్తర అమెరికాలో పెద్ద భాగం మంచు కింద ఉండేది. అంత నీరు మంచుగా బిగుసుకుపోవడంతో సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు తక్కువగా ఉండేది. సస్క్వెహానా నది ఇప్పటి అఖాతం ఉన్నచోట లోయను కోసుకుంటూ, చాలా దూరాన ఉన్న సముద్రంలో కలిసేది. పొటోమాక్ దానికి ఉపనది. మంచు కరిగేకొద్దీ సముద్రం ఆ లోయలోకి ఎక్కివచ్చింది. సుమారు 3 వేల ఏళ్ల కిందటికి అఖాతం ఇప్పటి రూపానికి వచ్చింది.

మ్యాపులో చూస్తే ఇది కొమ్మలతో ఉన్న చెట్టులా కనిపిస్తుంది. మాను పాత నది, కొమ్మలు దాని ఉపనదులు. పొడవు 200 మైళ్లే అయినా, కొమ్మలన్నీ కలిపితే తీరం 11 వేల మైళ్లు దాటుతుంది. సగటు లోతు 21 అడుగులే. కానీ కొన్నిచోట్ల 170 అడుగుల పైచిలుకు ఉంటుంది. అవి పాత నది నడిచిన దారి గుర్తులు.

ఇలా మునిగిన నదీలోయల్ని 'రియా' అంటారు. ఆ పేరు స్పెయిన్‌లోని గలీసియా తీరం నుంచి వచ్చింది. సిడ్నీ హార్బర్, ఇంగ్లండ్‌లోని ప్లిమత్ రేవు కూడా ఈ కోవలోవే. హిమానీనదం చెక్కిన లోయ మునిగితే అది ఫియర్డు. గల్ఫ్‌లోని మనవాళ్లు ఒమన్ ముసందంలో పడవలెక్కి చూసే వాటిని ఫియర్డులని ప్రచారం చేస్తారు గానీ, అక్కడ హిమానీనదాలు చెక్కిందేమీ లేదు. అవీ మునిగిన లోయలే.

మరి మన గోదావరి, కృష్ణ ముఖాల్లో ఇలాంటి అఖాతాలు ఎందుకు లేవు? సముద్రం అక్కడా పెరిగింది. కానీ ఆ నదులు తెచ్చిన ఒండ్రు నీటిని వెనక్కి నెట్టి డెల్టా కట్టింది. సస్క్వెహానా తెచ్చే ఒండ్రు ఇంత పెద్ద లోయను పూడ్చడానికి చాలలేదు.

ఇదంతా పాత కథేగా అనుకోవద్దు, లోయ ఇంకా మునుగుతూనే ఉంది. పరుపు మీద ఒక పక్క బరువైన మనిషి కూర్చుంటే పక్కన ఉబ్బుతుంది కదా! ఉత్తరాన మంచు బరువుకి ఇక్కడి నేల అలాగే ఉబ్బింది. మంచు పోయాక ఆ ఉబ్బు ఇప్పటికీ దిగుతోంది. ఒకవైపు నేల దిగడం, మరోవైపు సముద్రం పెరగడం కలిసి వందేళ్లలో ఇక్కడ నీటిమట్టం సుమారు ఒక అడుగు పెరిగింది. ఇది ప్రపంచ సగటు కంటే ఎక్కువ. ఒకప్పుడు 300 మందికి పైగా బతికిన హాలండ్ ఐలాండ్‌లో చివరి ఇల్లు 2010లో నీళ్లలో కూలింది. డార్చెస్టర్ కౌంటీలో ఉప్పునీరు తగిలి పైన్ చెట్లు నిలువునా ఎండిపోతున్నాయి. అన్నాపొలిస్ సిటీ డాక్ వద్ద వానచుక్క లేకుండానే పోటు నీరు వీధిలోకి వస్తుంది.

ఇదంతా విన్న మా ఆవిడ ఒక్కటే అడిగింది: "ముప్పై ఏళ్లు లోను కడతాం సరే, అప్పటికి ఇంటికెళ్లే రోడ్డు ఉంటుందా?" అసలు ప్రశ్న అదే. ఇల్లు ఎత్తులో కట్టుకోవచ్చు, రోడ్డునీ సెప్టిక్ ట్యాంకునీ మనం ఎత్తలేం. చివరికి నీటికి పదిహేను నిమిషాల దూరంలో, మెరక మీద ఇల్లు తీసుకున్నాం. ఉదయం కాఫీతో నీళ్లు చూడాలన్న కోరిక తీరలేదు. రాత్రి నిద్ర మాత్రం పడుతోంది.

ఒడ్డునే కావాలనుకునేవారు కొన్ని చూసుకోండి. మామూలు హోమ్ ఇన్సూరెన్స్‌లో వరద నష్టం రాదు. ప్రభుత్వ వరద బీమాలో ఇంటికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లు, సామానుకు 1,00,000 డాలర్లే. కొత్త పాలసీ సాధారణంగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. ఫెమా వరద మ్యాపు ఇప్పటి ముప్పును చెబుతుందే తప్ప రేపు పెరగబోయే సముద్రాన్ని లెక్కలోకి తీసుకోదు. ఎలివేషన్ సర్టిఫికెట్ ఉందేమో అడగండి.

ఇక ఓపెన్ హౌస్‌కి ఆదివారం ఎండలో వెళ్లి మురిసిపోకండి. అమావాస్యకో పౌర్ణమికో, పోటు నిండుగా ఉన్న వేళ చూసుకుని మరోసారి వెళ్లండి. ఆ వీధి తడిగా ఉందో పొడిగా ఉందో చూశాకే ఆఫర్ పెట్టండి.