ఫ్యాక్స్ యంత్రం కొంటున్నారా? ముందు కాగితం సంగతి అడగండి

(మా గ్రామీణ విలేఖరి)

ఆఫీసుకు ఫ్యాక్స్ యంత్రం కావాలని దుకాణానికి వెళ్ళినవారు మొదట అడిగేది ధర. ఆ తర్వాత కంపెనీ పేరు. అసలు అడగవలసింది వేరొకటి ఉన్నది. ఈ యంత్రం ఎలాంటి కాగితం మీద అచ్చు వేస్తుంది, ఆ అచ్చు ఎన్నాళ్ళు నిలుస్తుంది అన్నది మొదటి ప్రశ్న కావాలి. అది అడగకుండా చవకగా వచ్చిందని పాత యంత్రం తెచ్చి బల్ల మీద పెట్టుకున్నవారికి, బేరం ఒప్పుకుంటూ వచ్చిన ఉత్తరం కొంతకాలానికి ఫైలులో తెల్లకాగితమై కనిపించడం కద్దు.

ఈ రోజుల్లో ఫ్యాక్స్ ఎవరికి కావాలని పాఠకులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2013 జూలైలో టెలిగ్రాములనే ఎత్తివేశారు. ఎస్.టి.డి. బూతుల బోర్డుల మీద ఉండే ‘ఫ్యాక్స్’ అన్న మాటా వాటితోపాటే కనుమరుగైంది. 2021 జూలైలో ఆగ్రా జైలులో బెయిలు వచ్చిన ఖైదీల విడుదల ఆలస్యమైందన్న వార్త చూసి, పొన్నవరం గ్రామంలో పుట్టి అప్పటికి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న ఎన్.వి. రమణ, ఉత్తర్వుల కోసం ఇంకా పావురాల దారి చూస్తున్నామని వాపోయారు. 2022 మార్చి 31న ఉత్తర్వులను ఎలక్ట్రానిక్ పద్ధతిలో జైళ్ళకు పంపే ‘ఫాస్టర్’ విధానాన్ని ఆయనే ప్రారంభించారు. కోర్టు కాగితాలే ఆ దారిన పోతున్నప్పుడు మన సహకార సంఘానికో, రైసు మిల్లుకో ఫ్యాక్స్ ఏమవసరం? చాలా ఆఫీసులకు అవసరం లేదని ముందే చెప్పడం ధర్మం. కాగితాన్ని స్కాను చేసి ఈ-మెయిలులో పంపితే చాలు.

అయితే అవతలివారు ఫ్యాక్స్ అడిగితే మనకు వేరే దారి ఉండదు. జపాన్‌లో చిన్న కంపెనీల మధ్య ఆర్డర్లు ఇప్పటికీ ఫ్యాక్స్ మీద నడుస్తాయి. అక్కడి ప్రభుత్వ ఆఫీసుల నుంచి ఫ్యాక్స్‌ను తొలగించాలని 2021లో మంత్రి ప్రయత్నిస్తే ఆఫీసుల నుంచే వందలాది అభ్యంతరాలు వచ్చాయి. మన కోస్తా రొయ్యలు పోయే దేశాల్లో జపాన్ ఒకటి. అట్టి వర్తకులతో వ్యవహారం ఉన్నవారికి యంత్రం కావలసి రావచ్చు. అంతేకాదు, ఫ్యాక్స్‌తో ఏ సంబంధమూ లేని రైతు జేబులో కూడా నేడు ఫ్యాక్స్ కాగితం ఉన్నది. ఆ సంగతి చివర చెబుతాము.

ఫోనులో ముగ్గు చెప్పినట్లు

ఇది కొత్త విద్య అనుకోవడం పొరపాటు. స్కాట్లాండు దేశస్థుడు అలెగ్జాండర్ బెయిన్ తీగ మీద బొమ్మను పంపే పద్ధతికి 1843లో పేటెంటు పొందాడు. టెలిఫోనుకు పేటెంటు వచ్చింది 1876లో. అంటే ఫోను కంటే ఫ్యాక్స్ ఆలోచనే పెద్దది. ఇటలీకి చెందిన కాసెల్లీ యంత్రంతో 1865లో పారిస్, లియాన్ నగరాల మధ్య సర్వీసు కూడా నడిచింది. ఆఫీసు బల్ల మీదకు వచ్చే యంత్రాన్ని 1966లో జిరాక్స్ కంపెనీ అమ్మింది. అప్పట్లో ఒక పేజీ పోవడానికి ఆరు నిమిషాలు పట్టేది. అన్ని కంపెనీల యంత్రాలూ ఒకే భాష మాట్లాడేటట్లు 1980లో ‘గ్రూప్ 3’ అనే ప్రమాణం వచ్చాక పేజీకి నిమిషం కంటే తక్కువ సరిపోయింది. ఇప్పటికీ నడుస్తున్నది ఆ ప్రమాణమే.

పని తీరు ఇలా ఉంటుంది. ఒక ఇల్లాలు పొరుగూరి చెల్లెలికి ఫోనులో చుక్కల ముగ్గు చెబుతున్నదనుకోండి. మొదటి వరుసలో పది ఖాళీలు, మూడు చుక్కలు, మళ్ళీ ఇరవై ఖాళీలు అంటూ వరుసవారీగా చెబితే, చెల్లెలు అవతల అదే ముగ్గు దించుకోగలదు. ఫ్యాక్స్ చేసేది ఇదే. పేజీలో ఒక్కొక్క అడ్డగీతను 1728 చుక్కలుగా చూసి, ఎన్ని తెలుపు, ఎన్ని నలుపు అన్న లెక్కను శబ్దంగా మార్చి ఫోను తీగ మీద పంపుతుంది. రిసీవరు ఎత్తితే వినిపించే కీచుమనే మోత అదే. ఖాళీ గీత చిటికెలో పోతుంది. నల్లరంగు, ఫొటో, పూల అంచు ఉన్న కాగితం మాత్రం చాలాసేపు పడుతుంది. జిరాక్సు తీయగా తీయగా నల్లబడిన పత్రాన్ని ఫ్యాక్స్ చేస్తే అవతల మసి గుడ్డ వస్తుంది. తేట కాపీ తీసి పంపడం మంచిది.

ఇక్కడ తెలుగువారు ప్రత్యేకంగా గమనించవలసినది ఒకటి ఉన్నది. యంత్రంలో మామూలు, ఫైన్ అని రెండు పద్ధతులుంటాయి. మామూలు పద్ధతిలో నిలువునా మిల్లీమీటరుకు నాలుగు గీతలైనా పడవు. ఇంగ్లీషు అక్షరాలకు అది చాలును. మన లిపిలో గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తలమీది చిన్న మెలికలోనే ఉంటుంది. వత్తులు అక్షరం కింద ఒదిగి ఉంటాయి. ఫైన్ పెడితే గీతలు రెట్టింపవుతాయి. తెలుగు కాగితమైనా, సర్వే నంబర్లున్న కాగితమైనా ఫైన్ మీదే పంపాలి. 3 కాస్తా 8 అయితే పొలం మారిపోతుంది మరి.

నాలుగు రకాల అచ్చు

అచ్చు వేసే తీరును బట్టి యంత్రాలు నాలుగు రకాలు. చుట్టగా చుట్టిన నున్నటి కాగితం వాడేది మొదటిది. దీనికి సిరా లేదు, రిబ్బను లేదు. కాగితానికి పూసిన మందులో రంగు కనబడని పదార్థం ఉంటుంది. యంత్రంలోని సన్నటి వేడి ముళ్ళు తగిలిన చోట అది నల్లబడుతుంది. ఖర్చు తక్కువ, మరమ్మతులూ తక్కువ. కాని వేడితో వచ్చిన అక్షరం వేడితోనే చెడుతుంది. ఎండ, చెమట, నూనె, జిగురు, ప్లాస్టిక్ కవరు అన్నీ దానికి శత్రువులే. ఒకచోట అక్షరం వెలిసిపోతుంది, మరొకచోట కాగితమంతా నల్లబడుతుంది. పాత సామాను దుకాణాల్లో చవకగా చూపేది ఈ రకమే. దస్తావేజు విలువ ఉన్న కాగితాలు వచ్చే ఆఫీసుకు ఇది పనికిరాదన్నది మా అభిప్రాయం. ఇంట్లో ఇప్పటికే ఉంటే వచ్చిన ప్రతి పేజీనీ ఆ రోజే జిరాక్సు తీసి, ఆ జిరాక్సునే ఫైలు చేయాలి.

రెండవది కార్బను కాగితం లాంటి పలుచని ఫిల్ముతో మామూలు కాగితం మీద అచ్చు వేసేది. అక్షరం నిలుస్తుంది. చిక్కు వేరేచోట ఉన్నది. అచ్చయిన ప్రతి అక్షరం ఆకారమూ వాడేసిన ఫిల్ము మీద తెల్లగా మిగిలిపోతుంది. చెత్తబుట్టలో పారేసిన చుట్టను వెలుగుకు పట్టుకొని ఎవరైనా మీ ఉత్తరాలన్నీ చదువుకోవచ్చు. వకీళ్ళు, డాక్టర్లు, వడ్డీ వ్యాపారులు ఈ చుట్టను కాల్చివేయడమో ముక్కలు చేయడమో మరువరాదు.

సిరా చిమ్మే ఇంకుజెట్ రకం ధర తక్కువే గాని, నెలకు రెండు పేజీలు వచ్చే ఆఫీసులో సిరా గొట్టాలు ఎండిపోతాయి. అవసరమైన రోజున అచ్చు పడదు. టోనరు పొడి వాడే లేజరు రకం ఖాళీగా ఉన్నా పాడుకాదు, అక్షరమూ చెరగదు. అరుదుగా వాడేవారికి నిజానికి అదే చవక. కాకపోతే వేడెక్కే సమయంలో కరెంటు గట్టిగా లాగుతుంది. కంప్యూటరుకు పెట్టిన చిన్న యు.పి.ఎస్. దానిని మోయలేదు.

నేడు విడి ఫ్యాక్స్ యంత్రాలు దుకాణాల్లో అరుదు. జిరాక్సు, ప్రింటు, స్కాను చేసే యంత్రంలోనే ఫ్యాక్స్ కలిసి వస్తుంది. అన్నింటిలోనూ రాదు. ఒకే పేరుతో ఫ్యాక్స్ ఉన్నదీ లేనిదీ రెండూ అమ్ముతారు. వెనుక ఫోను తీగ తగిలించే రంధ్రం ఉన్నదేమో కళ్ళారా చూసి డబ్బు చెల్లించాలి.

మరొక ప్రశ్న కరెంటు కోతల గురించి. కాగితం అయిపోయినప్పుడు వచ్చిన పేజీలను యంత్రం తన జ్ఞాపకంలో దాచుకుంటుంది. కరెంటు పోతే ఆ జ్ఞాపకం ఉంటుందా, ఉంటే ఎంతసేపు అని అడగండి. కొన్నింటిలో గడియారం కూడా తప్పుతుంది. ప్రతి పేజీ తలమీద పడే తేదీ, టైము మీరు పెట్టిన గడియారం నుంచే వస్తాయి కనుక దానిని సరిచూడాలి. ఉరుములు, మెరుపులప్పుడు కరెంటు ప్లగ్గు ఒక్కటే తీస్తే చాలదు, ఫోను తీగ కూడా తీయాలి. పిడుగు ఏ తీగ మీదనైనా రావచ్చు.

లైను లేనిదే యంత్రం బొమ్మ

ఫ్యాక్స్‌కు ల్యాండు ఫోను కావాలి. మామూలు యంత్రాన్ని సెల్ సిమ్ముతో నడపాలంటే కుదరదు. మాటను ముక్కలు చేసి కుదించి పంపే ఆ పద్ధతిలో ఫ్యాక్స్ మోత చెడిపోతుంది. రాగి తీగల స్థానంలో ఫైబరు లైన్లు వస్తున్నాయి. వాటి మీద ఫ్యాక్స్ ఒకరోజు పోతుంది, ఒకరోజు మధ్యలో తెగుతుంది. వేగం 9600కు తగ్గిస్తే చాలావరకు నయం. అందుచేత యంత్రం కొనకముందే మీ లైను మీద ఒకసారి అరువు యంత్రంతో పరీక్షించడం తెలివైన పని.

పంపిన తర్వాత వచ్చే రిపోర్టు చీటీలో నంబరు, టైము, పేజీల లెక్క, ‘ఓకే’ అన్న మాట ఉంటాయి. దానిని మూల కాగితానికి గుచ్చి దాచుకోవాలి. ఓకే అంటే అవతలి యంత్రం అందుకున్నదని మాత్రమే, మనిషి చదివాడని కాదు. కాగితం తిరగేసి పెడితే ఖాళీ పేజీ పోయినా ఓకే అనే వస్తుంది. ముఖ్యమైన ఫ్యాక్స్ పంపాక ఫోను చేసి ‘అందిందా, కనపడుతున్నదా’ అని అడగడం పాత గుమాస్తాల అలవాటు. అది మంచి అలవాటు.

దేశమంతా చర్చించిన ఉదాహరణ ఒకటి ఉన్నది. 2018 నవంబరు 21న జమ్ము కాశ్మీరు మాజీ ముఖ్యమంత్రి మెహబూబా ముఫ్తీ, ప్రభుత్వం ఏర్పాటు చేస్తామంటూ గవర్నరుకు లేఖ రాశారు. ఫ్యాక్స్ చేయబోతే రాజభవన్‌కు అందడం లేదని ఆమె ప్రకటించారు. ఆ రాత్రే శాసనసభ రద్దయింది. ఆ రోజు పండుగ సెలవు కావడంతో ఫ్యాక్స్ దగ్గర మనిషి లేడని నాటి గవర్నరు సత్యపాల్ మాలిక్ తర్వాత వివరించారు. తప్పు ఎవరిదన్నది ఇక్కడ విషయం కాదు. యంత్రం ఉన్నంత మాత్రాన సరిపోదు, దాని దగ్గర మనిషి ఉండాలి.

రైతు జేబులో ఫ్యాక్స్ కాగితం

ఇక రైతు సంగతి. 2018 నుంచి దేశమంతటా సబ్సిడీ ఎరువులు వేలిముద్ర వేసి పాస్ యంత్రం మీదనే కొంటున్నాము. ఆ యంత్రం చించి ఇచ్చే చీటీ పాత ఫ్యాక్స్ చుట్ట జాతిదే. ఏ.టి.ఎం. చీటీ, బస్సులో యంత్రం మీద కొట్టిన టిక్కెట్టు, కొన్ని కాటాల దగ్గర ఇచ్చే తూకం చీటీ, కొన్ని దుకాణాల విత్తనాల బిల్లు కూడా అంతే. అనుమానముంటే చీటీ అంచు మీద గోటితో గట్టిగా గీయండి. నల్లగీత పడితే అది వేడి కాగితమే.

విత్తనం మొలకెత్తకపోయినా, మందు నకిలీ అయినా, తూకంలో మోసం జరిగినా చేతిలో ఉండవలసింది ఆ చీటీయే. 2019 నాటి చట్టం ప్రకారం వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయడానికి రెండేళ్ళ గడువు ఉన్నది. చొక్కా జేబులో చెమటకు తడిసి, ప్లాస్టిక్ సంచిలో పాసుపుస్తకంతో కలిసి, సూరు కింద వేడెక్కిన చీటీ అన్నాళ్ళు నిలవదు. నష్టం తెలిసేది పంట చేతికి వచ్చే వేళకు. అప్పటికి దుకాణం పేరు సగం, లాట్ నంబరు మొత్తం మాసిపోతే కమిషన్ ముందు ఏమి చూపాలి?

కొన్నరోజే ఊరికి వచ్చేలోగా జిరాక్సు తీయించండి. ఆ జిరాక్సు మీద దుకాణం ముద్ర, సంతకం అడిగి వేయించుకోండి. మీ సెల్‌ఫోనులో ఒక ఫొటో తీసి ఇంట్లో మరొకరి ఫోనుకు పంపండి. అసలు చీటీని పారేయక కాగితం కవరులో పెట్టి ట్రంకుపెట్టెలో అడుగున దాచండి. పసుపు రాయవద్దు, జిగురు పూయవద్దు. పట్టా కాగితానికి చేసినట్లు లామినేషను మాత్రం అసలే వేయించవద్దు. ఆ యంత్రం వేడికి చీటీ ఈ చివర నుంచి ఆ చివరకు బొగ్గులా నల్లబడి బయటకు వస్తుంది.