నీరక్షీర వివేకము చేయు కాంతి

హంస పాలను, నీటిని వేరుచేయునని కవిసమయము. మెదడులోని కణితిని తొలగించు శస్త్రవైద్యునికి ఈ హంసవిద్యయే కావలెను. కణితి యెక్కడ ముగిసినదో, ఆరోగ్యమైన మెదడు ఎక్కడ ఆరంభమైనదో కంటికి స్పష్టముగా తెలియదు. వెండ్రుకవాసి ఎక్కువ కోసినచో రోగి మాటనో, చేతి కదలికనో కోల్పోవచ్చును. తక్కువ కోసినచో మిగిలిన కణములే మరల కణితియై పెరుగవచ్చును.

ఇట్టి సందేహము కలిగినప్పుడు చిరకాలముగా అనుసరించు పద్ధతి యొకటి కలదు. అనుమానమున్న చోటినుండి చిన్న తునక తీసి ప్రయోగశాలకు పంపుదురు. అక్కడ దానిని గడ్డకట్టించి, పలుచని పొరలుగా కోసి, రంగులద్ది, సూక్ష్మదర్శినిలో పరీక్షింతురు. జవాబు వచ్చుటకు 20 నుండి 30 నిమిషములు పట్టును. అంతవరకును శస్త్రవైద్యుడు వేచియుండవలసినదే.

రంగు వేయనక్కరలేకుండ, అణువులే తమ పేరు తాము చెప్పుకొనునట్లు చేయు మార్గమొకటి ఇటీవల వైద్యులకు చిక్కినది. దాని మూలము మన దేశముననే కలదు. 1928 ఫిబ్రవరి 28వ తేదీన కలకత్తాలో చంద్రశేఖర వేంకట రామన్ తన పేర ప్రసిద్ధమైన ఫలితమును కనుగొనెను. ఆయన బాల్యవిద్య విశాఖపట్టణమున సాగినది. ఏకవర్ణకాంతి ఒక పదార్థముపై పడి చెదరినప్పుడు, అందు అత్యల్పభాగము రంగు మారి వెలువడును. అణువులలోని పరమాణువులు నిరంతరము కంపించుచుండును. ఆ కంపనమునకు తగిన శక్తిని కాంతి ఇచ్చియో, పుచ్చుకొనియో పోవుటయే ఈ మార్పునకు కారణము. కొవ్వు కంపనము వేరు, మాంసకృత్తు కంపనము వేరు. కనుక రంగు మార్పును కొలిచినచో పదార్థమేదో తెలియును. ఈ విషయమున కృషిచేసిన ఆంధ్రులలో సూరి భగవంతంగారు ప్రముఖులు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆచార్యులై, 1940లో దీనిపై ఒక గ్రంథము ప్రకటించిరి.

అయితే చిక్కొకటి కలదు. ఇట్లు రంగు మారు కాంతి సుమారు కోటి వంతులలో ఒక వంతు మాత్రమే. దానితో కణజాలమును చిత్రించుట మిక్కిలి ఆలస్యపు పని. 2008లో హార్వర్డ్ విశ్వవిద్యాలయమున సన్నీ షియె బృందమువారు ఈ చిక్కును విడదీయు మార్గము చూపిరి. ఒకటికి బదులు రెండు లేజరు కిరణములను ప్రసరింపజేసి, వాని పౌనఃపున్యముల భేదము అణువు కంపనముతో సరిపోవునట్లు అమర్చిరి. ఉయ్యాలను దాని లయ ననుసరించి త్రోసినచో, చిన్న త్రోపుతోనే పెద్దగా ఊగును గదా! అట్లే అణువులు ఒక్క తాళమున స్పందింపగా, ఒక కిరణము కొంత క్షీణించి రెండవది బలపడును. ఆ స్వల్పవ్యత్యాసమును కొలుచుచు బిందువు వెంట బిందువుగా చిత్రమును నిర్మింతురు.

మెదడులోని తెల్లని భాగమున నాడీతంతువులను చుట్టియున్న కొవ్వు అధికము. కణితిలోనో కణములు క్రిక్కిరిసి, మాంసకృత్తుల జాడ ప్రబలముగా కనిపించును. కావున చిత్రమున హద్దు తేటపడును.

డేనియల్ ఆరింజర్ మొదలైనవారు అమెరికాలో 278 మంది రోగుల విషయమున ఈ పద్ధతిని పరీక్షించి, 2020లో ఫలితములను ప్రకటించిరి. శస్త్రచికిత్స జరుగు చోటనే చిత్రము తీసి, కంప్యూటరుచే దానిని చదివించిరి. జవాబు 150 సెకనులలోపుననే వచ్చినది. కంప్యూటరు నిర్ణయములు నూటికి 94.6 వంతులును, పాతపద్ధతి ననుసరించిన నిపుణుల నిర్ణయములు 93.9 వంతులును సరియైనవిగా తేలినవి. ఇంతకన్న ఆలోచింపదగినది మరొకటి కలదు. యంత్రము తడబడిన చోట్ల నిపుణులు తడబడలేదు. నిపుణులు పొరబడిన చోట్ల యంత్రము పొరబడలేదు. కావున ఒకరిని త్రోసి మరొకరు రావలసిన పనిలేదు. ఒకరికొకరు తోడైన రోగికి మేలు.

1921లో ఓడపై పయనించుచు, మధ్యధరా సముద్రపు నీలిమను చూచి, ఆ రంగు ఎందుకు వచ్చినదని రామన్ తనను తాను ప్రశ్నించుకొనెను. అది ఒకనాడు రోగి తలచెంతకు చేరునని అప్పుడెవరును ఊహించియుండరు. తరగతిలో “ఎందుకు?” అని లేచిన బాలుని కూర్చుండుమనుటకు ముందు, ఉపాధ్యాయుడు ఈ కథను ఒక్కసారి స్మరించుట మంచిది.