చద్దిమూటలో రాగి బిస్కత్తు

పెద్దల మాట చద్దిమూట యన్న సామెత తెలుగు పలుకుబడిలో నేటికిని జీవించియున్నది. ఆ మూటలోని చద్ది మాత్రము అనేక గృహములనుండి క్రమముగా తొలగిపోయినది. రాత్రి మిగిలిన అన్నములో గంజియో మజ్జిగయో పోసి యుంచి, తెల్లవారిన పిమ్మట ఉల్లిపాయతోను ఊరగాయతోను తినుట ఒకనాటి వాడుక. పోతనామాత్యుని భాగవతమున, దశమస్కంధములో, గోపబాలురు ఇసుకతిన్నెలపై బాలకృష్ణునితో కూడి చల్దులారగించిన ఘట్టము తెలియని తెలుగువాడు అరుదు. ఆ బాలురు కట్టుకొని వచ్చినది ఎట్టి యాహారము? ఇంటివారు ముందుగానే సిద్ధపరచినది, వెంట మోసికొనిపోదగినది, చేతితో తినదగినది, వేడిచేయ నక్కరలేనిది. తొందరగల వేళకు తగిన ఉదయాహారమునకు ఇంతకంటె వేరు లక్షణము చెప్పనక్కరలేదు.

నేటి నగరజీవనమున ఉదయకాలము మిక్కిలి కురచయైనది. ఏడు గంటలు కాకమునుపే బడి బస్సు వీధి మొగలో వచ్చి నిలుచును. తల్లిదండ్రులిరువురును ఉద్యోగములకు బయలుదేరవలసినవారే. ఇడ్లీయో దోసెయో కావలెనన్నచో ముందునాడే పప్పు నానవేసి, రుబ్బి, పిండిని రాత్రియంతయు పులియనీయవలెను. ఒకనాడు ఏమరినచో మరునాటి ఉపాహారము లేదు. అట్టి యిండ్లలో ఆ లోటును పూరించుచున్నది అంగడి బిస్కత్తు పొట్లము. నాలుగు బిస్కత్తులు పాలలోనో టీలోనో ముంచి తిని పిల్లవాడు బడికి పోవును. నోరు తీపియగును గాని కడుపు పది గంటలకే ఖాళీయగును. గురువు చెప్పు పాఠము తలకెక్కవలసిన వేళకు ఆకలి ముందుగా వచ్చి కూర్చుండును.

దీనికి కారణము నిగూఢమైనది కాదు. మైదాపిండి యనగా పొట్టును మొలకభాగమును తొలగించిన గోధుమపిండి. అది శీఘ్రముగా జీర్ణమగును. చక్కెర అంతకంటెను శీఘ్రముగా రక్తములో కలియును. ఆకలిని నిలువరించునవి పీచుపదార్థమును మాంసకృత్తులును. సాధారణమైన తీపి బిస్కత్తులో ఈ రెండును స్వల్పము. పొట్లముపై గోధుమ కంకుల బొమ్మను చూచి కొనువారు దానిని త్రిప్పి వెనుక భాగమును చదువుట మంచిది. వాడిన పదార్థములను వాటి పాళ్ళ ననుసరించి, హెచ్చునుండి తగ్గునకు వరుసగా ముద్రింపవలెనని భారతదేశ ఆహారప్రమాణముల నిబంధన కలదు. మొదటి స్థానమున మైదా, దాని వెంటనే చక్కెర, ఆ పిమ్మట తాళనూనె కనబడినచో ఆ పొట్లపు చరిత్ర యంతయు తెలిసినట్లే. పేరును నమ్ముటయు తగదు. ‘డైజెస్టివ్’ అను బిస్కత్తునకు ఆ పేరు, అందలి సోడా జీర్ణమునకు సాయపడునని పంతొమ్మిదవ శతాబ్దమున గల విశ్వాసము వలన వచ్చినది.

ఇట్లనుటవలన బిస్కత్తు జాతి యంతయు దోషభూయిష్ఠమని అర్థము కాదు. ఆ పదమునకు మూలమైన లాటిన్ మాటలకు ‘రెండుమారులు కాల్చినది’ అని యర్థము. తొలినాటి ఓడబిస్కత్తు పిండియు నీరును మాత్రమే కలిపి, తేమ ఇగిరిపోవువరకు కాల్చిన గట్టి బిళ్ళ. నెలల తరబడి సముద్రముపై నుండు నావికులకు చెడక నిలువవలెననుటయే దాని ప్రయోజనము. రుచి యందు ఎవరును వెదకలేదు. అమెరికావారు వాడు ‘కుకీ’ యను మాట డచ్చి భాషలో ‘చిన్న కేకు’ అని యర్థమిచ్చు పదమునుండి పుట్టినది. తీపియు మెత్తదనమును దానికి పుట్టుకతో వచ్చిన గుణములు. హైదరాబాదు ఇరానీ హోటళ్ళలో టీతో వడ్డించు ఉస్మానియా బిస్కత్తు, 1911 మొదలు 1948 వరకు పాలించిన ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరిట వెలసినదని ప్రతీతి. కొంచెము తీపి, కొంచెము ఉప్పు, నోటిలో కరగు వెన్నతనము గల ఆ బిస్కత్తు టీకి తోడుగా పుట్టినది. సాయంకాలపు ముచ్చటకు తగినదానిని తెచ్చి ఉదయపు విస్తరిలో కూర్చుండబెట్టుట దానికిని న్యాయము కాదు, పిల్లలకును న్యాయము కాదు.

మరి ఉదయమునకు తగిన బిస్కత్తును ఇంటిలో చేసికొనలేమా యను ప్రశ్నకు సమాధానము తెలుగునేలపై పండు ధాన్యములలోనే యున్నది. గోధుమపిండిని నీటితో తడిపి మర్దించినపుడు గ్లూటెన్ అను సాగుడు పదార్థమేర్పడును. పావురొట్టె ఉబ్బి నిలుచుటకు ఆధారమిదియే. రాగులలోను జొన్నలలోను గ్లూటెన్ లేదు. కనుకనే జొన్నరొట్టె తట్టుటకు వేడినీళ్ళును, చేతిలో అలవాటును కావలెను. కనుకనే రాగిపిండితో పావురొట్టె చేయబూనినచో పొంగక ముద్దయగును. అయితే బిస్కత్తుకు కావలసినది సాగుట కాదు, విరుగుట. పావురొట్టె విషయమున లోపమైన గుణమే బిస్కత్తు విషయమున సుగుణమగుచున్నది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించుటకు పూర్వమే, హైదరాబాదు రాజేంద్రనగరులోని చిరుధాన్య పరిశోధన సంస్థ జొన్నలతోను ఇతర చిరుధాన్యములతోను బిస్కత్తులు చేయు విధానములను రూపొందించినది. రాయలసీమ సంగటిముద్దకును, తెలంగాణపు జొన్నరొట్టెకును పరిచితమైన ధాన్యము ఈ క్రొత్త రూపము దాల్చుట ఆశ్చర్యము కాదు.

పని వేగముగా ముగియుటకు సాధనము వంటసోడా. ఈస్టుతో పిండి పొంగుటకు గంటలు పట్టును. సోడా పుల్లని పదార్థముతో కలిసినంతనే బొగ్గుపులుసు వాయువు పుట్టి, ఆ బుడగలు పిండిని గుల్లపరచును. ఈస్టును గ్రుడ్లును సరిపడని భార్య కొరకు ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ అను రసాయనజ్ఞుడు 1843లో బేకింగు పౌడరు తయారుచేసెను. ఇంటిలోని ఒకరి యారోగ్యము కొరకు జరిగిన ప్రయత్నము లోకములోని వంటయిండ్లన్నిటికిని ఉపకరించినది. తెలుగు వంటయింటిలో ఆ పుల్లని పదార్థము సిద్ధముగానే యున్నది: ఒక చెంచా పెరుగు.

ఇరువది బిస్కత్తులకు కొలతలివి. రాగిపిండి 120 గ్రాములు, ముడిగోధుమపిండి 60 గ్రాములు, వేయించి పొట్టు తీసి బరకగా దంచిన వేరుసెనగపలుకులు 50 గ్రాములు, పొట్టు తీయని నువ్వులు రెండు పెద్ద చెంచాలు, బెల్లపు పొడి 80 గ్రాములు, నెయ్యి 75 గ్రాములు, బాగుగా మ్రగ్గిన అరటిపండు ఒకటి, పెరుగు ఒక పెద్ద చెంచా, వంటసోడా అర చిన్న చెంచా, ఏలకుల పొడి కొంచెము, ఉప్పు చిటికెడు. రాగిపిండిని సన్నని సెగపై పచ్చివాసన పోవువరకు వేయించి చల్లార్చవలెను. అరటిపండును చిదిమి, బెల్లము, నెయ్యి, పెరుగు చేర్చి ఏకము చేయవలెను. పిండులలో సోడాను, ఉప్పును కలిపి జల్లించి, తక్కిన వస్తువులతో అందులో చేర్చి ముద్ద చేయవలెను. మర్దింప నక్కరలేదు, కలిసినంతనే చాలును. పెద్ద ఉసిరికాయలంత యుండలు చేసి, పళ్ళెముపై ఎడమెడముగా పెట్టి, అరచేతితో అణచి, 170 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో 15 మొదలు 18 నిమిషములు కాల్చవలెను. పిండిని ముందుగా వేయించి యుంచుకొన్నచో పని మొత్తము అరగంటకు మించదు.

ఓవెను లేని యింటివారు నిరాశ చెందనక్కరలేదు. మూతపెట్టి సన్నని సెగపై రొట్టెను కాల్చు నేర్పు తెలుగువారికి క్రొత్తది కాదు. తీరాంధ్రపు దిబ్బరొట్టెయు, తెలంగాణపు సర్వపిండియు ఆ నేర్పు ఫలములే. మందపాటి గిన్నె యడుగున రెండంగుళముల మందము ఇసుకయో ఉప్పో పరచి, దానిపై చిన్న కుదురు నుంచి, మూతపెట్టి పది నిమిషములు కాచవలెను. పిమ్మట బిస్కత్తుల పళ్ళెమును కుదురుపై నుంచి మరల మూసి, 25 నిమిషములు సన్నని సెగపై ఉంచినచో చాలును. రెండు విధములందును ఒక జాగ్రత్త యవసరము. పొయ్యి దిగినపుడు బిస్కత్తు మెత్తగానే యుండును. ఉడుకలేదని భ్రమపడి మరల కాల్చినచో ఱాయియగును. చల్లారుచుండగా నెయ్యి బిగిసి అదే గట్టిపడును. సోడా ఎక్కువైనచో సబ్బురుచి వచ్చును. అరటిపండు తేమవలన ఇవి రెండు రోజులకు మించి బయట నిలువవు. శీతలపేటికలో ఐదారు రోజులుండును.

ఇక లాభనష్టముల లెక్క. రాగులలో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. గోధుమలలో 40, పాలిష్ పట్టిన బియ్యములో 10 మాత్రమే. పై కొలతల ప్రకారము మూడు బిస్కత్తులలో కాల్షియము సుమారు 100 మిల్లీగ్రాములు, మాంసకృత్తులు నాలుగైదు గ్రాములు, శక్తి సుమారు 300 కిలోకేలరీలు లభించును. వెంట ఒక గ్లాసు పాలు త్రాగినచో మాంసకృత్తులు పది గ్రాములు దాటును. ఒక పూట ఉపాహారమునకు ఇది చులకన చేయదగినది కాదు. అయినను బెల్లము చక్కెర కాదని యనుకొనరాదు. శరీరము రెంటికిని పెద్ద భేదము చూపదు. పెద్దలు రోజునకు చేర్చుకొను చక్కెరలను 25 గ్రాములకు లోపుగా నుంచినచో మరింత మేలని ప్రపంచారోగ్యసంస్థ 2015లో సూచించినది. మూడు బిస్కత్తులలో బెల్లము 12 గ్రాములు. అనగా ఆ హద్దులో ఇంచుమించు సగము. రాగులను మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి విసరిన పిండిని వాడినచో, గింజలోని పిండిపదార్థము కొంత తీపిగా మారును గనుక బెల్లమును మరియొక మూడవవంతు తగ్గింపవచ్చును. ఖనిజములను శరీరమునకు అందనీయక అడ్డుకొను ఫైటిక్ ఆమ్లము సైతము మొలకెత్తుటవలన తగ్గును. వేరుసెనగయు నువ్వులును సరిపడని పిల్లలు కొందరుందురు గావున, ఇతరుల బిడ్డలకు పంచునపుడు అడిగి పెట్టుట అవసరము.

ఇడ్లీని త్రోసి ఈ బిస్కత్తుకు పట్టము కట్టవలెనని దీని భావము కాదు. తీరిక గల యింట పులిసిన పిండి యుండనే యుండును. చద్దన్నమును ఇష్టపడు బిడ్డకు దానిని మించినది లేదు. ఇది తీరిక లేని దినములకు సంబంధించిన మాట. రాత్రి భోజనమైన తరువాతి అరగంటలో ఇంటిలోని పెద్దయో పిన్నయో, పురుషుడో స్త్రీయో, ఎవరైనను ఈ పని ముగింపవచ్చును. పది సంవత్సరముల పిల్లవాడు సైతము ఉండలు చేసి అణచగలడు. తాను చేసినదానిని ఇష్టముతో తినును. పది గంటల పాఠమున వానిని ఆకలి బాధింపకుండుటకు ఇంటివారు వెచ్చింపవలసినది ముందునాటి రాత్రి ఆ అరగంట మాత్రమే.