ఫ్లోరిడా పైను వనములు

మొక్క నశింపకుండవలెనన్న చుట్టు కంచె నాటిన చాలునని పలువురు తలంతురు. అది చాలదని అమెరికా దేశమున, ఫ్లోరిడా దక్షిణాగ్రముననున్న పైను వనములు బోధించుచున్నవి. ఆ సంగతిని మా విద్యార్థులకు విశదపఱుపగోరుచున్నాము.

ఆ వనములు సున్నపురాతిపై పెరిగినవి. మన్ను మిగుల పలుచన. చెట్ల వేళ్లు రాతిసందులలోనికి దిగును. చెట్లు ఎడమెడముగా నుండుటచే వెలుతురు నేలవఱకు వచ్చును. ఆ వెలుతురులో చిన్న తాటిజాతి పొదలును, గడ్డియు, పెక్కు పూమొక్కలును బ్రదుకును. వానిలో కొన్ని లోకమున మఱెచ్చటను లేవు.

పైను చెట్టు పుప్పొడిని గాలియే మోయును. దాని క్రింది పూమొక్కలలో పెక్కింటికి కీటకములే దిక్కు. లోకస్టుబెర్రీ యను పొద మన మాధవీలత కుటుంబములోనిది. దాని పూలలో తేనె లేదు. రక్షకపత్రములపై నూనె గ్రంథులు కలవు. సెంట్రిస్ అను జాతి ఆడ తేనెటీగ ఆ నూనెను కాళ్లతో గోకి తీసికొని పోయి తన పిల్లల పోషణకు వాడును. ఆ పనిలోనే పుప్పొడి పూవునుండి పూవునకు చేరును. తేనె కొఱకు ఈగ వేఱు మొక్కల నాశ్రయింపవలెను. కావున పొద యొక్కటియే మిగిలినచో ఈగ నిలువదు. ఈగ పోయినచో పొదకు కాయలు తగ్గును.

బిగ్ పైన్ కీ యను ద్వీపమున పసుపుపచ్చని పూల చిన్నమొక్క యొకటి కలదు. అది మన తంగేడునకు దాయాది. రెండింటి పుప్పొడి తిత్తులును కొనయందలి సన్నని రంధ్రములచే తెఱచుకొనును. ఈగ పువ్వును పట్టి ఱెక్కల కండరములను అదరించిననే పుప్పొడి రాలును. పట్టు పెట్టు తేనెటీగ ఈ విద్య నెఱుగదు. పెద్ద తుమ్మెద యెఱుగును.

ఇక నిప్పు మాట. పిడుగుపాటున మంటలు పుట్టి పొదలను కాల్చుట అచట అనాదిగా నున్నది. పైను బెరడు మందము గనుక తాళును. పొదలు వేళ్లనుండి మరల చిగిర్చును. పలు సంవత్సరములు నిప్పు సోకనిచో వెడల్పు ఆకుల చెట్లు క్రమ్ముకొని, నీడచే పూమొక్కలను చంపును.

1896లో మయామీకి రైలుమార్గము చేరినది. పిమ్మట కలపకును, తోటలకును, ఇండ్లకును వనములు నఱకబడినవి. 1947లో ప్రారంభమైన ఎవర్‌గ్లేడ్స్ జాతీయవనమున కొంత భాగము రక్షింపబడినది. ఆ వనమునకు వెలుపల మయామీ ప్రాంతమున మిగిలినది నూటికి 2 వంతులకు లోపు. అదియు ఇండ్ల నడుమ తునకలుగా నున్నది. ఇండ్ల చెంత పొగకు జడిసి నిప్పు పెట్టుట కష్టము. దోమల మందు ఇతర కీటకములకును హాని చేయును. అందుచే అచటి సంరక్షకులు గాలిని, తేమను పరికించి కొలతగా మంట పెట్టుచున్నారు. గృహస్థులు కొందఱు పెరడులలో దేశీయ మొక్కలు నాటి, తునకకును తునకకును నడుమ కీటకములకు త్రోవ కల్పించుచున్నారు.

బాలబాలికలారా! తంగేడు పూచినపుడు గట్టుకడ నిలిచి, తుమ్మెద చేయు ధ్వనిని వినుడు. సృష్టికర్త ఒక్కొక్క జీవిని విడిగా గాక, పొత్తుగా మనకు అప్పగించెను. ఆ పొత్తు చెడకుండ కాచుటయే నిజమైన కావలి.